వైజాగ్‌లో నాణేలు, స్టాంపులు, డైకాస్ట్ కార్ల షాపు పెట్టాలి, ఏ ఏరియా బాగుంటుంది?

మర్రిపాలెం కలెక్టర్:

అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి నాణేలు, స్టాంపులు పోగేస్తున్నాను, ఉద్యోగం వచ్చాక హాట్ వీల్స్ లాంటి డైకాస్ట్ కార్లు (లోహంతో పోతపోసిన చిన్న బొమ్మ కార్లు) కూడా తోడయ్యాయి. నా దగ్గర ఎక్కువైనవి ఇన్‌స్టాలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ అమ్ముతుంటాను, అది కాస్త పెరిగింది, ఇప్పుడు ఒక చిన్న షాపు తీయాలని గట్టిగా అనుకుంటున్నాను. పగలు మా బావమరిది కూర్చుంటాడు, సాయంత్రం ఆఫీసు అయ్యాక నేను వెళ్తాను.

మూడు చోట్లు చూశాను. ఒకటి పాండురంగాపురం వైపు, బీచ్ రోడ్డుకి దగ్గరలో. ముందంతా అద్దమే, లోపలికి వెళ్లగానే మనసు లాగేసింది. రెండోది ద్వారకానగర్‌లో ఫస్ట్ ఫ్లోర్, ఇరుకు మెట్లు, కింద ఒక జిరాక్స్ షాపు, గది మాత్రం చదరంగా ఉంది. మూడోది గాజువాకలో మా మేనమామ బిల్డింగు, గ్రౌండ్ ఫ్లోర్, రోడ్డు మీదకే షట్టర్, అద్దె ద్వారకానగర్‌లో అడిగిన దాంట్లో సగం కూడా లేదు.

ఇంట్లో వాళ్లు గాజువాక అంటున్నారు, ఫ్రెండ్స్ అందరూ బీచ్ రోడ్డు అంటున్నారు, రోజూ అన్ని వేల మంది తిరిగే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది అని. జనం ఎక్కువ తిరిగే చోటే మనకి పనికొస్తుందా, లేక ఈ వ్యాపారానికి వేరే లెక్క ఉందా? ఇలాంటి షాపు నడిపినవాళ్లు, రెగ్యులర్‌గా కొనేవాళ్లు దయచేసి చెప్పండి. డిపాజిట్ ఇచ్చేస్తే మళ్లీ వెనక్కి రావడం కష్టం కదా, ఆ టెన్షన్ ఉంది.

వన్‌టౌన్ నాణేలు:

బాబూ, నువ్వు అడిగిన ప్రశ్నలో సగమే ఉంది. కొనేవాళ్లు ఎక్కడికి వస్తారు అని అడిగావు, నీకు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది అనేది అడగలేదు. కిరాణా కొట్టువాడికి సరుకు డిస్ట్రిబ్యూటరు తెచ్చి దించుతాడు. పాత నాణేలకీ స్టాంపులకీ అలా తెచ్చి ఇచ్చేవాడెవడూ లేడు. తాతగారు పోయాక బీరువా సర్దుతుంటే దొరికిన డబ్బా పట్టుకుని ఎవరో ఒకరు నీ షాపు మెట్లు ఎక్కాలి. ఆ మనిషికి దారి తెలియాలి, ఎక్కడానికి మొహమాటం ఉండకూడదు, లోపల నలుగురి ముందు కాకుండా పక్కన కూర్చుని మాట్లాడుకునే చోటు ఉండాలి. ఈ మూడూ ఉన్న గది నీది అయితే అమ్మకం దానంతటదే వస్తుంది, ఎందుకంటే మంచి వస్తువు దొరికిందని తెలిస్తే ఇలాంటివి సేకరించే కలెక్టరు శ్రీకాకుళం నుంచైనా బస్సెక్కి వస్తాడు.

ఇప్పుడు ఆ డబ్బాలన్నీ ఎక్కడికి పోతున్నాయో తెలుసా? కురుపాం మార్కెట్‌కి. బంగారం వెండి కొట్లలో తూకానికి వేసేస్తున్నారు. పాత బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి, 1940 నుంచి వచ్చినవాటిలో సగమే వెండి, 1947లో నికెల్ అయిపోయింది. తూకం చూసేవాడికి ఏ సంవత్సరమో, ఏ టంకశాలో అక్కర్లేదు, కరిగించేస్తాడు. నా కళ్ల ముందే మంచి మంచివి మూసలోకి పోయాయి, చెప్పాలంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. నువ్వు మార్కెట్లోనే షాపు పెట్టక్కర్లేదు, అక్కడ పార్కింగు దొరకదు, పిల్లలు రారు. అక్కడి నుంచి ఆటోలో తేలిగ్గా వచ్చేంత దూరంలో ఉండి, ఆ కొట్లవాళ్లతో పరిచయం పెంచుకుని, తూకం ధర మీద కాస్త ఎక్కువిస్తానని చెప్పు, కరగబెట్టే ముందు నీకు ఫోన్ చేస్తారు. ఆ లెక్కన ద్వారకానగర్, డాబాగార్డెన్స్, అల్లిపురం, ఈ చుట్టుపక్కలే నీ చోటు. భీమిలి వైపు పాత కుటుంబాల దగ్గర డచ్చివాళ్ల డ్యూట్లనే రాగి నాణేలు ఉండొచ్చు, అవీ ఊరి మధ్యకే వస్తాయి.

ఒక జాగ్రత్త. 1939 జార్జి రూపాయి అని ఎవరైనా తెస్తే వెంటనే డబ్బులు తీయకు, అసలుది చాలా అరుదు, నకిలీలే ఎక్కువ. ఇంకోటి, వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే. దాచుకోవడం వేరు, వ్యాపారంగా అమ్మడం వేరు, అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఇచ్చేటప్పుడు నీ అనుభవం, వ్యాపారం చేయబోయే ఊరు, ఆ ఊళ్లో ఇప్పటికే ఎంతమంది ఈ పని చేస్తున్నారు అన్నవి చూడాలని చట్టంలోనే రాసి ఉంది. అందుకని ముందు పురావస్తు శాఖలో కనుక్కో, తరువాత డిపాజిట్ ఇవ్వు. లైసెన్సు చేతికి వచ్చేదాకా వందేళ్లు దాటినవి అమ్మకానికి పెట్టకు, గణతంత్రం వచ్చాక విడుదలైన రిపబ్లిక్ నాణేలు, నోట్లు, స్టాంపులతో మొదలుపెట్టు.

వాల్తేరు డైకాస్ట్:

గురూ, బీచ్ రోడ్డు మాత్రం వద్దు. మా ఇల్లు అటువైపే, కార్డు (అట్ట ప్యాకింగు) తీయని కార్లు గోడకి తగిలించుకున్నాను కాబట్టి చెప్తున్నా. ఉప్పు గాలికి ఒక వానాకాలం గడిచేసరికి అట్టముక్క వంగిపోతుంది, ప్లాస్టిక్ బబుల్ అంచుల దగ్గర పసుపు తేలి జిగురు వదిలేస్తుంది. కలెక్టరు కార్డు చూసే డబ్బులిస్తాడు, వంగిన కార్డుకి సగం ధర కూడా రాదు. రాగి నాణేల సంగతి పెద్దాయనకి నాకన్నా ఎక్కువ తెలుసు, ఆకుపచ్చ చిలుం పట్టిందంటే పోయినట్టే. స్టాంపులకైతే వెనక జిగురు తేమకి ఒకదానికొకటి అంటుకుపోతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే ఇంకా ఘోరం, చల్లబడిన గదిలోకి తేమ గాలి వచ్చి చేరుతుంది.

ముందంతా అద్దమే అని మురిసిపోతున్నావు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ రోడ్డు మీద అద్దాలు ఏమయ్యాయో ఈ ఊళ్లో పుట్టినవాడివి నీకు ఒకరు చెప్పాలా! సముద్రానికి ఎదురుగా అద్దం పెట్టుకుని దాని వెనక కాగితం సరుకు పెట్టడం నాకైతే ఊహకే అందట్లేదు.

ఇక జనం సంగతి. నిజమే, ఆదివారం సాయంత్రం ఇసుక వేస్తే రాలదు. కానీ వాళ్లు కురుసుర సబ్‌మెరైన్ చూసి, రోడ్డు దాటి టీయూ 142 విమానం చూసి, ముంత మసాలా తిని, పిల్లాడికి బెలూన్ కొని వెళ్లేవాళ్లు. లోపలికి వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, ఎంత అని అడుగుతారు, అమ్మో అంటారు. అసలైన కస్టమరు ఆ టైములో బండి పెట్టే చోటు దొరక్క తిరిగి వెళ్లిపోతాడు. నేవీ డే విన్యాసాలు, మారథాన్ లాంటివి ఉంటే రోడ్డే మూసేస్తారు. టూరిస్టుల కోసం సబ్‌మెరైన్ బొమ్మలు, నేవీ ప్యాచ్‌లు అమ్మాలనుకుంటే అది వేరే షాపు, దానికి ఆ చోటు సరిపోతుంది. అలాంటిది పెట్టినా గవ్వలు, పగడాల జోలికి పోకు, పగడాలూ కొన్ని రకాల శంఖాలూ వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, తెలియక అమ్మినా కేసే.

నా ఓటు ద్వారకానగర్‌కే. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి రావొచ్చు, అనకాపల్లి నుంచి వచ్చేవాడికైనా విజయనగరం నుంచి వచ్చేవాడికైనా అదే దిగే చోటు. కోచింగ్ సెంటర్ల పిల్లలు, పౌర గ్రంథాలయానికి వచ్చేవాళ్లు అక్కడే తిరుగుతారు. ఫస్ట్ ఫ్లోర్ అని దిగులు పడకు, మన సరుకు కోసం వచ్చేవాడు మెట్లు లెక్కపెట్టడు. ఒక్కటి చూసుకో, గది కిటికీ పడమర వైపు ఉంటే మధ్యాహ్నం ఎండకి బాక్సుల రంగులు వెలిసిపోతాయి, ఆ గోడకి షెల్ఫు కొట్టించకు.

ఎంవీపీ అమ్మ:

నేను కలెక్టర్ని కాదండీ, కలెక్టర్ తల్లిని. మా బాబు ఏడో తరగతి, పోకెమాన్ కార్డులు, స్టాంపులు రెండూ. పైన తమ్ముడు మెట్లు లెక్కపెట్టరు అన్నారు, అది మగవాళ్ల సంగతి. ఇరుకు మెట్లు, లైటు లేని మలుపు, పైన ఎవరున్నారో కింద నుంచి కనపడని షాపుకి నేను పిల్లాడిని ఒక్కడినీ పంపను, నేను కూడా సాయంత్రం ఏడు దాటాక ఎక్కను. పిల్లల చేతిలో డబ్బులు ఉండవు, మా చేతిలోనే ఉంటాయి, కాబట్టి మాకు భయం లేకుండా ఉంటేనే మీకు బేరం. మెట్ల దగ్గర మంచి లైటు, కింద కనపడేలా బోర్డు, తలుపుకి పై నుంచి సగం అద్దం, స్కూటీ పెట్టుకునే చోటు, ఇవి చూసుకోండి. బాత్రూమ్ ఉందో లేదో కూడా చూడండి, పిల్లలు ఒకసారి కూర్చుంటే రెండు గంటలు కదలరు.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది, ఒక బల్ల తప్పకుండా వేయండి. ఆదివారం పొద్దున పిల్లలు కార్డులు మార్చుకోవడానికి వస్తే వాళ్లని పంపించేయకండి. ఎంవీపీ కాలనీలో వీళ్లకి అలాంటి చోటు లేక అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని మార్చుకుంటున్నారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లని మోసం చేస్తున్నారు కూడా. ఏ కార్డు ఎంత విలువో చెప్పే పెద్దమనిషి ఒకరు పక్కన ఉంటే మాలాంటి వాళ్లం ఎంత దూరమైనా తీసుకొస్తాం.

ఇంకో మాట, తపాలా శాఖ వాళ్ల దీన్ దయాళ్ స్పర్శ్ యోజన అని ఒకటుంది, 6 నుంచి 9 తరగతుల పిల్లలు స్టాంపులు సేకరిస్తుంటే, క్విజ్‌లోనూ ప్రాజెక్టులోనూ ఎంపికైతే, ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్. స్కూల్లో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బు ఉండాలి, లేకపోతే పిల్లాడి పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉన్నా సరిపోతుంది. చాలామంది తల్లిదండ్రులకి ఇది తెలియదు. మీరు నాలుగు స్కూళ్లకి వెళ్లి చెప్పారంటే, షాపు ఏ వీధిలో ఉన్నా పిల్లలు వెతుక్కుంటూ వస్తారు.

మర్రిపాలెం కలెక్టర్:

అందరికీ చాలా థాంక్స్. బీచ్ రోడ్డు తీసేశాను, ఉప్పు గాలి విషయం ఇంత సీరియస్‌గా ఆలోచించలేదు. అక్కా, మెట్ల దగ్గర లైటు, తలుపు మాట రాసుకున్నాను, తలుపు మార్చడానికి ఓనరుని అడుగుతాను. ద్వారకానగర్ ఓనరు మూడేళ్ల వరకు ఖాళీ చేయకూడదు అంటున్నాడు, ఏటా అద్దె పెంపు కూడా. గాజువాకలో ఆ బాధ లేదు, మేనమామే కదా. గాజువాక వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా అక్కడ నడవదా?

పాత గాజువాక:

ఎందుకు నడవదు బ్రదర్? గాజువాక అంటే ఊరి చివర అనుకునే రోజులు పోయాయి. స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్లు ఎంతమంది ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారో చూడు. దేశం నలుమూలల నుంచి వచ్చి పనిచేసినవాళ్లు, వాళ్ల ఇళ్లలో ఒరియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాల పాత ఆల్బమ్‌లు ఉన్నాయి. సింధియా, మల్కాపురం వైపు నేవీ వాళ్లు ఉన్నారు, ట్రాన్స్‌ఫర్ అయితే సామాను తగ్గించుకోవడానికి మంచి మంచి వస్తువులు ఇచ్చేసి వెళ్తారు. వన్‌టౌన్ పెద్దాయన చెప్పిన లెక్క, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది అనేది, ఆ లెక్కలో గాజువాక ద్వారకానగర్ కన్నా మేలు, ఇది గట్టిగా చెప్తాను.

అమ్మకం దగ్గరే తేడా. మధురవాడ, పీఎం పాలెంలో ఉండే ఐటీ కుర్రాళ్లు, కార్లు ఎక్కువ కొనేది వాళ్లే, సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దాటి హైవే మీద ఇంత దూరం ఈ ట్రాఫిక్‌లో రారు. వారం మధ్యలో అస్సలు రారు. అందుకని నా సలహా, మేనమామ గారి షట్టర్ వదులుకోకు, షాపుగా కాకుండా కొనుగోలుకి వాడుకో. ఆదివారం పొద్దున తీసి, పాత నాణేలు, స్టాంపులు, బొమ్మలు ఇక్కడ కొనబడును అని పెద్ద బోర్డు పెట్టు. మిగతా రోజుల్లో స్టాకు అక్కడే దాచుకో, సముద్రానికి కాస్త దూరం. కాకపోతే ఇక్కడ ఫ్యాక్టరీల దుమ్ము నల్లగా పడుతుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టు.

ఇంకోటి, ఏమీ అనుకోకు, మేనమామ అయినా సరే కాగితం రాయించుకో. రేపు వాళ్లబ్బాయి పెళ్లై కింద పోర్షన్ కావాలంటే నువ్వు మాట్లాడలేవు. బంధుత్వం నిలవాలంటే కూడా కాగితమే మంచిది.

లెక్కల మనిషి:

అద్దె ఎంతవరకు భరించగలరు అనేది ముందు తేల్చుకోండి, ఏరియా తరువాత. మీరు ఏది అమ్మి బతుకుతారో అన్నదాని మీద అది ఆధారపడుతుంది. సీలు తీయని కొత్త డైకాస్ట్ కార్లు షాపులో ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు, తూనికలు కొలతల వాళ్లు పట్టుకుంటే జరిమానా. హాట్ వీల్స్‌లో అరుదుగా వచ్చే ట్రెజర్ హంట్ కారు దొరికింది కదా అని గ్రూపులో పది రెట్లు చెప్పినట్టు బోర్డు పెట్టి బిల్లు రాసే చోట చెప్పలేరు. అంటే కొత్త కార్ల మీద మార్జిన్ కొంచెమే, అవి జనాన్ని లోపలికి తేవడానికి, అంతే. అద్దె కట్టాల్సింది పాత సరుకు మార్జిన్ నుంచి. పాత సరుకు రోజూ అమ్ముడవదు. అందుకని ఒక్క బేరం జరగకపోయినా ఆరు నెలల అద్దె, కరెంటు కట్టగలిగే డబ్బు చేతిలో ఉంచుకునే సంతకం పెట్టండి.

జీఎస్టీ: మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల వరకు మినహాయింపు ఉంది, కానీ మీరు ఇన్‌స్టాలో వేరే రాష్ట్రాలకి పంపుతారు కాబట్టి ఆ పరిమితి మీకు వర్తించదు, మొదటి పార్సిల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. వాడిన వస్తువులు కొని అలాగే అమ్మితే, కొన్నదాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకోవడం) తీసుకోకుండా ఉంటే, మొత్తం ధర మీద కాకుండా లాభం మీదే పన్ను కట్టే పద్ధతి ఉంది, మీ ఆడిటరుని అడిగి అదే ఎంచుకోండి. దానికి ఎవరి దగ్గర ఎంతకి కొన్నారో పుస్తకం రాయాలి. ఆ పుస్తకం పోలీసుల కోసం కూడా రాయండి, ఎవరైనా దొంగ సొమ్ము తెచ్చి అమ్మి పోతే రేపు మిమ్మల్ని కాపాడేది అదే. ఆధార్ కాపీ లేకుండా వెండి కొనకండి.

రద్దయిన 500, 1000 నోట్లు కొంతమంది డబ్బాల్లో పెట్టి తెస్తారు. 2017 చట్టం ప్రకారం మామూలుగా పది నోట్లకి మించి ఉంచుకోకూడదు, అధ్యయనం, నాణేల సేకరణ కోసమైతే 25 వరకు. కట్ట కనపడింది కదా అని తీసుకోవద్దు.

ఇన్సూరెన్స్ విషయంలో అందరూ పొరపడేది ఇక్కడే: మామూలు ఫైర్ పాలసీలో నాణేలు, స్టాంపులు, అపురూప వస్తువులు విడిగా పేరు పెట్టి రాయించకపోతే కవర్ కావు. షాపు కాలితే ఫర్నిచరుకి డబ్బులొస్తాయి, సరుకుకి రావు. తుఫాను, వరద కవర్ ఉందో లేదో కూడా చదవండి, మన ఊరికి అది తప్పదు.

మూడేళ్ల మాట: ఓనరు మిమ్మల్ని కట్టేస్తున్నాడు సరే, తనని తాను కట్టేసుకుంటున్నాడా? చాలా అగ్రిమెంట్లలో అద్దెదారుకే లాకిన్ (గడువులోపు ఖాళీ చేయకూడదనే షరతు), ఓనరు మాత్రం రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు. మీ షాపు చిరునామా జనానికి అలవాటయ్యాకే దానికి విలువ, అప్పుడు లేపేస్తే మళ్లీ మొదటికే. ఏడాది లాకిన్‌కి దించమని అడగండి, ఓనరుకి కూడా అంతే పెట్టమనండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. బోర్డు ఎక్కడ, ఎంత సైజు అన్నది అగ్రిమెంట్లోనే రాయించండి, ఫస్ట్ ఫ్లోర్ షాపుకి బోర్డే సగం ప్రాణం. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు మీ పేరున, కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉండాలి.

మర్రిపాలెం కలెక్టర్:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, నిజంగా రుణపడి ఉంటాను. ఎమ్మార్పీ మాట విన్నాక నా లెక్కలన్నీ మార్చాల్సి వచ్చింది. ద్వారకానగర్‌లో షాపు, గాజువాకలో ఆదివారం కొనుగోలు, ఈ దారిలోనే వెళ్దామనుకుంటున్నా. మేనమామతో కాగితం విషయం అమ్మ చేత చెప్పిస్తాను. ఎల్లుండి ద్వారకానగర్ ఓనరుతో మాట్లాడటానికి వెళ్తున్నాను, గదిలో ఇంకేమైనా చూడాలా?

వన్‌టౌన్ నాణేలు:

వానొచ్చాక వెళ్లు. ఎల్లుండే తప్పదంటే పై అంతస్తు బాత్రూమ్ ఈ గది నెత్తిన ఉందేమో చూడు, సీలింగ్‌కి కొత్త సున్నం ఒక్కచోటే వేసి ఉంటే అక్కడ కారిందని అర్థం. గోడ మీద అరచెయ్యి ఆనించి చూడు, చెమ్మ తెలుస్తుంది. చిన్న తేమ మీటరు ఆన్‌లైన్లో కొద్ది డబ్బులకే దొరుకుతుంది, ఒకరోజు తాళం అడిగి రాత్రంతా లోపల పెట్టి పొద్దున చూడు. తేమ 60 శాతం దాటకపోతే సిలికా జెల్‌తో నెట్టుకురావచ్చు, 70 పైన ఉంటే గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ మెషీను ఖర్చు కూడా అద్దెలో కలుపుకుని బేరమాడు. ప్లాస్టిక్ కవర్లు కొనేటప్పుడు పీవీసీవి వద్దు, వాటి నుంచే రాగికి పచ్చ జిగురు వస్తుంది, మైలార్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్‌వి తీసుకో. ఇనప బీరువా పెట్టే చోట నేల బరువు ఆపుతుందో ఓనరుని అడుగు, పాత బిల్డింగు ఫస్ట్ ఫ్లోర్ కదా, గది మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గోడ పక్కన పెట్టించు.

కురుపాం మార్కెట్లో నాకు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఓనరుతో మాట అయ్యాక నాకు మెసేజ్ పెట్టు, ఒక సాయంత్రం తీసుకెళ్లి పరిచయం చేస్తాను.